రెండు ఖాళీల మధ్య లచ్చి

ఆ రోజుల్లో, అంటే మరీ పాత రోజులేం కాదు, చేతిలో మంచి ఫోను ఉండి అందులో సిగ్నల్ మాత్రం సరిగా ఉండని రోజుల్లో, నాకు ఒకచోట కుదురుగా నిలబడటం చేతనయ్యేది కాదు. (ఇప్పటికీ చేతకాదు. కాకపోతే ఇప్పుడు దాన్ని డాక్టరు చెప్పిన నడక అంటున్నాను.) అలాంటి కాలు నిలవని మనిషికి దొరికిన మొదటి ఉద్యోగం ఒకచోట నిలబడి ఆకాశం వైపు చూడటం. మహారాష్ట్ర చివర, తెలంగాణకు ఆనుకుని ఉన్న మా సిరోంచ ఊరి బయట ఒక ప్రైవేటు కంపెనీ హెలికాప్టర్ వాలే మైదానం ఉండేది. అడవి ఊళ్ల నుంచి వచ్చిన రోగులను పెద్దాసుపత్రికి చేర్చడం ఆ హెలికాప్టర్ పని. అది పైనుంచి అడిగే ప్రశ్నలకు కింద నుంచి జవాబు చెప్పడం నా పని. మెడలో కంపెనీ కార్డు, చేతిలో వాకీటాకీ. అన్నం తినేటప్పుడు కూడా ఆ కార్డు తీసేవాణ్ణి కాదు. మా అమ్మ చుట్టాలందరికీ ఫోను చేసి మావాడు విమానాలు దింపుతున్నాడని చెప్పింది. నేనూ సరిదిద్దలేదు.

ఆ ఉద్యోగం ఇప్పించింది మా మేనమామ. ఆయనా అక్కడే పనిచేసేవాడు. మైదానం ఊడ్చి, మధ్యలో సున్నంతో పెద్ద హెచ్ అక్షరం గీసి, దుమ్ము లేవకుండా ట్రాక్టర్ మీద నీళ్లు తెచ్చి చల్లి, పశువులు రాకుండా చూసుకోవాలి. పశువుల సంగతికి వస్తే, మామకు లచ్చి అని ఒక బర్రె ఉండేది. మామ ఎటు పోతే అది అటు పోయేది. మామ టీ హోటల్లో కూర్చుంటే బయట నిలబడి ఎదురుచూసేది. మా అత్త దాన్ని సవతి అని పిలిచేది. మాతో పనిచేసే మూడో మనిషి కంపెనీ కాపలాదారు. నాగపూర్ వైపు నుంచి వచ్చాడు, తెలుగు ముక్క రాదు. అందరం అతన్ని భావు అనేవాళ్లం, మరాఠీలో అన్న అని అర్థం.

మైదానం రోడ్డుకు బాగా కింద, నది వైపు ఉండేది. వాకీటాకీ అక్కడ పలికేది కాదు, పైన రోడ్డు గట్టు మీదే పలికేది. గట్టు మీద నుంచి చూస్తే తుమ్మచెట్లు అడ్డం. అందుకని నేను గట్టు మీద, భావు వాలు దారి మలుపులో, మామ కింద మైదానంలో. భావు కిందికి చూసి నాకు అరిచి చెప్పాలి, నేను పైలట్‌కు చెప్పాలి. ఇది మేం ముగ్గురం కూర్చుని మా బుర్రతో చేసుకున్న ఏర్పాటు. దీన్ని చూసి మిగతా హెలిపాడ్ల వాళ్లు నేర్చుకోవాలని కూడా అనుకున్నాం.

ఎండాకాలంలో ఒక రోజు జింగనూర్ నుంచి ఒక బాలింతను అంబులెన్సులో తెచ్చారు. కాన్పయ్యాక రక్తం ఆగడం లేదు. ఆమె భర్త అంబులెన్సు తలుపు పట్టుకుని, ఇంకా ఎంతసేపని గోండిలో ఒకసారి, హిందీలో ఒకసారి నన్ను అడుగుతున్నాడు. నేను కాలుగాలిన పిల్లిలా గట్టు మీద ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతున్నాను. ప్రతి మోటారు సైకిలూ హెలికాప్టర్‌లాగే వినిపిస్తోంది. చూడటానికి జనం వచ్చారు, వచ్చిన ప్రతివాడూ హెలిపాడ్ ఎక్కడ అని భావును అడగడం, భావు విసుగ్గా చెయ్యి చూపించి జవాబు చెప్పడం. అంతలో వాకీటాకీలో కెప్టెన్ గొంతు. ఆయన ఉత్తరాది మనిషి, హిందీలో ఎప్పుడూ అడిగే మాటే అడిగాడు: "ప్యాడ్ ఖాలీ హై క్యా?" నేను అదే మాట భావుకు అందించాను. భావు కిందికి తిరిగి చూడకుండానే అరిచాడు, "హో, ఖాలీ ఆహే." నేను కెప్టెన్‌కు చెప్పేశాను, ఖాలీ హై సర్ అని. నా గొంతులో ఎంత ధీమా ఉందో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

మనకు ఖాళీ అంటే ఖాళీయే. హిందీవాళ్లకూ అంతే. కానీ మరాఠీలో ఖాలీ అంటే కింద. పొద్దున్నుంచి హెలిపాడ్ ఎక్కడ అని అడిగిన వాళ్లందరికీ భావు చెబుతున్న జవాబు అదే: కింద ఉంది. నాకూ అదే చెప్పాడు. (పదో తరగతి దాకా నేను చదివింది మరాఠీలోనే. మరాఠీ పేపర్లో మా బడికి మొదటి మార్కులు నావే. కంగారులో చెవి మాత్రం ఇంటి భాషకే వెళ్లిపోతుందని ఏ పంతులూ చెప్పలేదు.)

కింద ఉన్న ప్యాడ్ ఖాళీగా లేదు. మామ రెండో దఫా నీళ్ల కోసం ట్రాక్టర్ తీసుకుని పోయాడు. ఆయన్ని వెతుక్కుంటూ వచ్చిన లచ్చికి మండే ఎండలో తడిసిన నేల కనిపించింది. సరిగ్గా హెచ్ అక్షరం మధ్యలో, రెండు నిలువు గీతల నడుమ, అడ్డగీత మీద తల పెట్టుకుని పడుకుంది. దిగుతున్న హెలికాప్టర్ తుమ్మచెట్లు దాటాక ఒక్కసారిగా పైకి లేచి నది మీదుగా వెళ్లిపోయింది. బాలింత భర్త నా చొక్కా పట్టుకున్నాడు. ఆ క్షణంలో నాకు కలిగిన భయం మళ్లీ ఇంతవరకు కలగలేదు. మామ ట్రాక్టర్ వదిలి తువ్వాల ఊపుకుంటూ పరుగెత్తి వచ్చి పిలిస్తే గానీ లచ్చి లేవలేదు. లేచి కూడా, తన మీద దిగబోయిన దాన్ని ఒకసారి తల ఎత్తి చూసి మరీ నడిచింది. హెలికాప్టర్ చుట్టు తిరిగి వచ్చి ఈసారి క్షేమంగా వాలింది. ఆమెను ఎక్కించాం. (తల్లీ బిడ్డా బాగున్నారు. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.) ఎగిరే ముందు కెప్టెన్ నావైపు వేలు చూపి ఒక్కటే అన్నాడు, వచ్చే ట్రిప్పులో దీని మీద రిపోర్ట్ కావాలి అని.

మా వైపు రిపోర్ట్ అంటే ఒకటే అర్థం, పోలీసు స్టేషన్‌లో ఇచ్చేది. సాయంత్రానికల్లా ఊరంతా తెలిసింది, నేను సొంత మేనమామ మీద రిపోర్ట్ ఇస్తున్నానని. భావు అన్నం మానేసి ఊరికి పోయే బస్సు వేళలు కనుక్కోసాగాడు. మామ నాతో మాట మానేశాడు. నేను ఇంటికి పోతే పీట వేయలేదు. చివరికి నేనే కదిలిస్తే తల వంచుకుని అన్నాడు.

"నీకు నౌకరి నేను ఇప్పిస్తి అల్లుడా. నువ్వు నా మీదనే రిపోట్ ఇస్తవా?"

నాకు ఏడుపొచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెబితే మామ పని పోతుంది. దాస్తే ఇంకో రోజు ఇంకో రోగి కోసం వచ్చిన హెలికాప్టర్ ఏమవుతుందో తెలియదు. అటు ఇటు తిరుగుతూ ఆ దినాలన్నీ గడిపాను. గట్టు మీద గడ్డి నా కాళ్ల కింద అరిగి బాట పడింది. అత్త మాత్రం మాలాగా కూర్చుని ఏడవలేదు. సవతి అని తిట్టిన బర్రె గురించే ఆమె దిగులు.

"మీ మామను పట్టుకపోతరో లేదో గని, బర్రెనైతే ఇడువరు. పాలిచ్చేది అదే గద."

దాన్ని రాష్ట్రం దాటించాలని తీర్మానమైంది. పాతగూడెం వంతెన మీదుగా ఛత్తీస్‌గఢ్‌కు తోలాలా, గోదావరి వంతెన దాటించి తెలంగాణకు తోలాలా అన్నదాని మీద మొగుడూ పెళ్లాల మధ్య పెద్ద వాదం నడిచింది. అత్త పుట్టిల్లు తెలంగాణలో ఉంది కాబట్టి తెలంగాణ గెలిచింది. మహారాష్ట్రలో అయిన కేసు అక్కడి పోలీసులకు తెలియదని వాళ్ల ధైర్యం. లచ్చి వంతెన మీద నడుచుకుంటూ పరారీ అయింది.

కెప్టెన్ వచ్చాడు. తిరగేసిన బకెట్ మీద కూర్చుని టీ గ్లాసు చేత పట్టుకుని, చెప్పు, నేను ఫోనులో రాసుకుంటాను అన్నాడు. ఎవరు చేశారన్నది తనకు అక్కర్లేదట, ఏం జరిగిందో, ఎలా జరిగిందో చెబితే చాలట, చెప్పిన వాళ్లకు ఏ శిక్షా లేదట. మామ, భావు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఎవరి పేరూ రాకుండా జరిగింది చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. ఒక వ్యక్తికి చెందిన ఒక నల్లటి జంతువు అని మొదలుపెట్టి చెమటలు కక్కాను. కెప్టెన్ ఓపికగా, ఎవరు ఏ మాట అన్నారో ఆ మాటే చెప్పమన్నాడు. నేను ఖాలీ అన్నాను. భావు గోడ దగ్గర నుంచే, తాను కింద అని చెప్పాడు గానీ ఎవరూ లేరని చెప్పలేదే అన్నాడు. కెప్టెన్ చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది. ఈ జిల్లాలో ఎక్కడ దిగినా తాను అడిగేది ఆ ఒక్క మాటే. ఎన్నిచోట్ల ఎవరు కింద అని చెబితే తాను ఖాళీ అనుకుని దిగాడో! మాకంటే ఆయనే ఎక్కువ భయపడ్డాడు. ఆ మాట ఎత్తింది తానేనని ముందు తన సంగతే రాసుకున్నాడు. అది చూసిన మామ గోడ వదిలి ముందుకు వచ్చాడు.

"బర్రె నాదే సారు. గని అదిప్పుడు ఈ రాష్ట్రంల లేదు."

నేను దాన్ని హిందీలోకి మార్చి చెప్పేసరికి కెప్టెన్ బకెట్ మీద నుంచి పడబోయాడు. మామ మొదట బిక్కచచ్చి చూసి, తర్వాత తానూ నవ్వాడు. నవ్వుతూనే నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి కోసం నేను ఎన్నాళ్లుగా ఎదురుచూశానో ఆయనకు తెలియదు.

ఎవరి పనీ పోలేదు. ఖాలీ అన్న మాటను హెలిపాడ్ నుంచి బహిష్కరించారు. జవాబు చెప్పేవాడు ప్యాడ్‌ను తన కళ్లతో చూస్తూ చెప్పాలన్నారు, అందుకు కింద కూడా పలికే వాకీటాకీ ఇచ్చారు. లచ్చి తిరిగి వచ్చింది. మామకు మాత్రం రిపోర్టుల రుచి తగిలింది. రోజూ నాకు ఫోను. గాలి ఎటు వీస్తుందో చూపే సంచి చిరిగింది, రాసుకో. తాడు వదులైంది, రాసుకో. ఒకసారైతే కూరలో ఉప్పు రెండుసార్లు పడ్డదని చెప్పి, "ఎవరేసిన్రో చెప్ప, ఏమైందో చెప్తున్న" అన్నాడు. వెనక నుంచి అత్త గిన్నె విసిరిన చప్పుడు వినిపించింది.

ఇప్పుడు నేను ఒక పట్నం విమానాశ్రయంలో, జనం పంపే అలాంటి రిపోర్టులు చదివే ఉద్యోగంలో ఉన్నాను. సిరోంచ దాకా రోడ్డు బాగుపడింది, రోగులు అంబులెన్సులోనే పోతున్నారు, హెలికాప్టర్ ఇంకో జిల్లాకు వెళ్లిపోయింది. మొన్న మామ ఫోను చేశాడు. లచ్చి మనవరాలిని మేపుకుంటూ ఆ మైదానం వైపు పోయాడట. ప్యాడ్ ఖాళీ ఉన్నది అల్లుడా అన్నాడు. అలవాటు కొద్దీ, ఏ ఖాళీ మామా అని అడిగాను.

"రెండూ," అన్నాడు.

ఫోను పెట్టేసి లేచి ఆఫీసు కిటికీ దాకా నడిచాను. అక్కడే, అటూ ఇటూ కదలకుండా, చాలాసేపు నిలబడ్డాను.