సుభాషిణి వేసిన లెక్కలో పక్క ఊరి ఛార్జీ

నిన్న ఉదయం కాలేజీలో సెకండియర్ క్లాసుకు పాఠం చెబుతున్నాను. ఫోన్ సైలెంట్‌లో ఉంది.

బయటికొచ్చి చూస్తే వసంత నుంచి వరుసగా మిస్డ్ కాల్స్. వసంత నా భార్య సుభాషిణితో ఆఫీసులో పనిచేసే అమ్మాయి. తిరిగి చేశాను.

"అన్నా, వదిన కుర్చీలోనే ఒరిగిపోయింది. ఆస్పత్రికి తెచ్చినాం. నువ్వు తొందరగా రా" అంది.

నేను వెళ్లేసరికే అయిపోయింది.

గుండె అన్నారు.

ఇంకా నమ్మకం కుదరడం లేదు. రాస్తే కుదురుతుందేమోనని రాస్తున్నాను.

మన బంధువుల్లో చాలామందికి సుభా ఏం పని చేసేదో సరిగ్గా తెలియదు.

పేద దేశాల్లో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మందులు, పరీక్షలు, సిబ్బంది, రాకపోకలు, వీటన్నిటికీ రాబోయే సంవత్సరాల్లో ఎంత డబ్బు కావాలో ముందే అంచనా వేస్తారు. డబ్బిచ్చే సంస్థలు ఆ అంచనా చూసే ఇస్తాయి. అందుకోసం అక్కడక్కడ కొన్ని ప్రాంతాలు ఎంచుకుని, ఒక్కో మనిషికి నిజంగా ఎంత ఖర్చవుతోందో చూస్తారు. అలా ఎంచుకున్న వాటిలో మన మార్కాపురం, గిద్దలూరు వైపు ఒకటి.

ఆ చూసే పని సుభాది.

మా అమ్మ ఇరుగుపొరుగుతో అనేది: "ఇంట్లో ఉప్పైపోయింది కనపడదు గానీ, దేశాల ఖర్చు జెప్తాదంట మా కోడలు."

సుభా లోపల్నుంచే జవాబిచ్చేది: "ఉప్పైపోతే అడగనీకి నువ్వుండావు గదత్తా. వాళ్లకెవరుండారు?"

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

మొదట్లో ఆమె అంచనా అందరిలాగే వేసింది. ఏ మండలం వాళ్లకు మందులిచ్చే సెంటర్ ఏది దగ్గరో చూసి, రాకపోకల కింద అక్కడికి అయ్యే బస్సు ఛార్జీ రాసింది. పైనుంచి వచ్చిన ఫార్మాట్ కూడా అదే చెప్పింది.

ఒకరోజు మార్కాపురం సెంటర్ బయట రాచర్ల వైపు నుంచి వచ్చిన ఒకామె కనిపించింది. పేరు నాకు చెప్పలేదు. ఎవరి పేరూ ఎప్పుడూ చెప్పలేదు.

"గిద్దలూరు దగ్గర గదక్కా, ఇంత దూరం ఎందుకొచ్చినావు?" అని సుభా అడిగిందట.

"ఏందమ్మా, తెలిసే అడుగుతుండావా? ఆడ చీటీలు రాసే కాడ మా ఆడబిడ్డ తోడికోడలు కూర్చుంటాది. నేను ఆడికి పోతే, నాకంటే ముందు సంగతి ఇంటికి చేరతాది."

ఆ తర్వాత సుభా అందరినీ అడగడం మొదలుపెట్టింది. గిద్దలూరు వాళ్లు మార్కాపురం వస్తున్నారు. మార్కాపురం వాళ్లు ఒంగోలు పోతున్నారు. కంభం వాళ్లు రైలెక్కి నంద్యాల. మన దగ్గర ఏ ఊరికి పోయినా వరసైన వాళ్లు తగులుతారు. అందుకని తమను ఎరిగినవాళ్లు లేని ఊరు ఎంత దూరమైనా అక్కడికే పోతున్నారు.

మందులు ఉచితమే. ఛార్జీ, ఆ రోజు పోయే కూలీ ఉచితం కాదు. చేతిలో డబ్బు లేని నెల మాత్రలు ఆగిపోతాయి. ఆగితే జబ్బు తిరగబడుతుంది.

అంచనా మళ్లీ వేసింది. ఒక్కో మనిషి ఖర్చు బాగా పెరిగింది.

పై అధికారి ఫోన్ చేశారు. స్పీకర్‌లో ఉంది, నేను పక్కనే ఉన్నాను.

"మేడమ్, ఫార్మాట్‌లో దగ్గరి సెంటర్ అనే ఉంది కదా. ఖర్చు ఇంత చూపిస్తే మీ ఏరియానే తీసేస్తారు. ఆలోచించుకోండి."

"ఆలోచించే వేసినా సార్. దగ్గరి సెంటర్‌కు వాళ్లు పోవడం లేదు."

ఫోన్ పెట్టేసి ఆ లెక్క మళ్లీ ముందేసుకుంది. మన ప్రాంతాన్ని తీసేస్తే ఇక్కడివాళ్లకు ఆ కాస్త సాయమూ పోతుంది. తక్కువ రాస్తే ఛార్జీ లేనివాళ్లు మందులకు పోలేక మధ్యలో ఆగిపోతారు.

"ఏం చేస్తావు?" అన్నాను.

"ఉన్నదే పంపిస్తానండీ. తక్కువ రాసి, తర్వాత వాళ్ల మొహం ఎట్ల చూసేది?"

పంపింది.

మన ఏరియాను తీసేయలేదు. దూరం ఛార్జీలు కూడా ఇచ్చారు. అడిగినంత కాదు, కొంత. నేను స్వీట్లు తెస్తే తిన్నది గానీ, "కొంత అంటే ఇంకా కొందరు ఆగిపోతారు" అంది.

ఈసారి అంచనాలో ఆ మిగిలిన కొంత కోసం కూర్చుంది. నిన్న ఆ పనిలో ఉండగానే ఒరిగిపోయింది.

ఇంకో మాట రాయాలి.

నిన్న మధ్యాహ్నం నుంచి సుభా ఫోన్ నా దగ్గరే ఉంది. ఏవేవో నంబర్ల నుంచి కాల్స్. నేను "హలో" అనగానే పెట్టేస్తున్నారు. ఇట్లాంటి రోజున ఈ ఆటలేంటని నాకు కోపం వచ్చింది.

సాయంత్రం ఒక పెద్దావిడ మాత్రం పెట్టేయలేదు.

"అమ్మ ఉందా నాయనా?"

"లేదమ్మా."

"ఎప్పుడొస్తాది?"

"ఇక రాదమ్మా" అన్నాను.

"అయితే నిజమేనా నాయనా" అని పెట్టేసింది.

అప్పుడు తెలిసింది, ఫోన్ చేస్తున్నది సుభా లెక్కలోని మనుషులని.

ఈ ఉదయం దహనానికి చాలామంది వచ్చారు. వాళ్లు రాలేదు. సుభాతో నీకేం పరిచయమని ఎవరైనా అడిగితే ఏం చెబుతారు?

ఈ పోస్ట్ చేతులు మారి వాళ్లదాకా చేరితే చాలు.

ఫోన్ చేసిన మీకు:

వార్త నిజమే. సుభాషిణి ఇక లేదు.

మీరెవరో నేను అడగను. రాలేకపోయామని బాధపడొద్దు. ఉన్నచోటే ఒకసారి తలుచుకోండి.

రేపటి నుంచి ఈ ఫోన్ వసంత ఎత్తుతుంది. ఆ అంచనా కూడా వసంతే పూర్తి చేసి పంపుతుంది.

మాత్రలు మానొద్దు. ఏ ఊరు పోయి తెచ్చుకున్నా సరే.

సుభా, నీకు వెళ్లిరా అని చెప్పడం నాకు చేతకావడం లేదు.

ఎక్కడున్నా నీ మనసు నెమ్మదిగా ఉండాలి.