పీకేకొద్దీ మొలిచే నార

ఆగస్టు వచ్చిందంటే కియోనో నడుం వంగనని మొండికేసేది. అయినా వంచేది. జపాన్ ఉత్తర కొసన అబశిరి కొండవాలుల్లో అడవిలా పెరిగిన గంజాయిని పీకి తగలబెట్టడానికి ఆరోగ్య శాఖవాళ్ళు ఏటా కూలికి మనుషుల్ని పిలిచేవారు. భర్త పోయినప్పటి నుంచీ ఆమె ఆ పనికి వెళ్తోంది. యుద్ధకాలంలో తాళ్ళకీ గుడారాలకీ నార కావాలని సర్కారే వేయించిన పంట అది. తర్వాత వద్దన్నారు. మనుషులు మానేశారు గానీ మొక్క మానలేదు.

ఆ ఏడు వంతు వాళ్ళింటి వెనక వాలుకే వచ్చింది. అత్తగారు ఇసోకి ఎనభై దాటాయి. నిన్నటికీ నేటికీ తేడా తెలియని స్థితి. అలికిడి విని బయటికొచ్చి, బంగాళాదుంపల పెట్టె బోర్లించుకుని కూర్చుంది.

"ఇన్నాళ్ళకి పల్చన చేస్తున్నారా? ఏమే కోడలా, బక్కవి పీకమంటే బలిసినవి పీకుతావేం?"

"అలాగే అత్తయ్యా."

"అలాగే అంటూనే ఆ పొడుగుదాన్ని లాగేశావు! అది చెయ్యా, పారా?"

కూలీలు నవ్వారు. మేస్త్రీ నాగకురా చెమట తుడుచుకుంటూ, "బామ్మగారూ, ఇది ఎంత పీకినా చావదేమండీ?" అన్నాడు.

"ఎలా చస్తుంది? చావకుండా చేసింది నేనే కదా," అంది ఇసో. ముసలి మొహం వెలిగింది. "మావారు దక్షిణాన్నించి తెచ్చిన విత్తనం చూరు దాటి ఎదిగేది, మొదటి మంచుకే నల్లబడేది. ఇక్కడిది పొట్టిది, కానీ మొండిది. రెండూ పక్కపక్కన వేశాను. మంచు పడ్డాక కూడా పచ్చగా నిలబడ్డ పొడుగు మొక్కల విత్తనమే ఏటేటా దాచాను. మంచు కరిగి నేల పొడిపొడి కాగానే చల్లాలి, ఒత్తుగా. అప్పుడు కొమ్మలెయ్యక పైకి పరుగెడతాయి. పువ్వు రాల్చిన పోతు మొక్కల్ని ముందు పీకాలి, మెత్తటి నార వాటిదే. విత్తనం మొక్కల్ని మాత్రం ముట్టుకోకూడదు."

"అయితే నా నడుంనొప్పికి మీదే పూచీ!" అన్నాడు నాగకురా.

కియోనోకి నవ్వు రాలేదు. ఇన్నేళ్ళూ దిక్కులేని కలుపుతో పోరాడుతున్నాననుకుంది. తను పీకుతున్నది తన ఇంటి పంటే. కోపం తెచ్చుకుందామన్నా ఓపిక లేదు. తర్వాతి మొక్క పట్టుకుంది.

సాయంత్రం మోపులు లారీకెక్కిస్తుంటే ఇసో ఒక్కసారిగా లేచి వచ్చి లారీ పక్క చెక్కని పట్టుకుంది.

"విత్తనం మొక్కలు కూడానా! వచ్చే ఏడు ఏం చల్లుతాంరా దొంగల్లారా?"

కియోనో వెళ్ళి ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది. ఎండిన పుల్లల్లా ఉన్న ఆ వేళ్ళలో అంత పట్టు ఉంటుందని ఆమె అనుకోలేదు.

"నార ఫ్యాక్టరీకి తీసుకెళ్తున్నారు అత్తయ్యా. విత్తనాలు దులిపి మనకిచ్చేస్తారు."

"వాళ్ళు తూకంలో మోసం చేస్తారే. నువ్వు దగ్గరుండు."

"ఉంటాను."

ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకోవాల్సిన మనిషి, అత్తగారిని పక్కింటావిడకి అప్పగించి లారీ ఎక్కింది. గోతిలో మోపులు తగలబడి బూడిదయ్యేదాకా పొగలో నిలబడింది. "మీరెందుకమ్మా ఇక్కడ?" అని నాగకురా అడిగితే, "మాటిచ్చాను," అంది.

ఆ చలికాలం ఇసో నిద్రలోనే పోయింది. జూన్ కల్లా వాలంతా మళ్ళీ పచ్చబడింది. ఆగస్టులో పని మొదలైన రోజున, "ఈసారి మిమ్మల్ని నదివైపు పంపనా?" అన్నాడు నాగకురా మొహమాటంగా.

"వద్దులెండి. ఇదైతే ఇంటికి దగ్గర," అంది కియోనో, చేతులకి తొడుగులు వేసుకుంటూ.