మొగిలమ్మ నక్క

డెబ్భైలలోనో ఎనభైలలోనో వరంగల్ కొత్తవాడలో పెరిగినవాళ్ళెవరినైనా ఆపి, నక్క ఎట్లా మాట్లాడుతుందో అడగండి. రెండుసార్లు గొంతు సవరించుకుంటారు. బొటనవేలితో గాలిలో ఏదో తడిమినట్టు చేస్తారు. "అంచు జర వంకరున్నది" అంటారు. వాళ్ళలో ఇప్పుడు పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళున్నారు, మనవలను ఎత్తినవాళ్ళున్నారు. అయినా అంటారు. వాళ్ళకు ఆ నక్కను ఇచ్చింది మొగిలమ్మ.

మొగిలమ్మది పరకాల పక్కన పల్లె. సిద్దిరాములును పెళ్ళి చేసుకుని కొత్తవాడకు వచ్చింది. సిద్దిరాములు జంపఖానాలు నేసేవాడు. మగ్గం మీద ఉంటే మాట్లాడడు, మగ్గం దిగినా మాట్లాడడు. ఆ ఇంటికి రావలసిన మాటలన్నీ మొగిలమ్మ వాటాకే వచ్చాయి. సాయంత్రం వంట అయ్యాక ఆమె అరుగు మీద రాట్నం పెట్టుకుని మగ్గానికి నూలు కండెలు చుట్టేది. చేతులు పనిలో ఉంటే నోరు ఖాళీగా ఎందుకుండాలని కథ ఎత్తుకునేది. వాడకట్టు పిల్లలమంతా వెళ్ళి ఆమె ముందు కూలబడేవాళ్ళం.

మా బడి పుస్తకంలో కూడా జంతువులు మాట్లాడేవి, కాదనను. కానీ అక్కడి సింహం నోరు తెరిస్తే "ఓ మూషికమా, నీవెవ్వడవు?" అనేది. అట్లా మాట్లాడే సింహాన్ని మేమెవరం నమ్మలేదు. మొగిలమ్మ సింహం "ఏందిరో ఎల్కా, పొద్దుగాల్నే మొదలువెట్టినవా?" అనేది. ఆమె కోతి కాజీపేటలో టికెట్టు లేకుండా రైలెక్కి, టీసీ కనబడగానే తోకను తలకు చుట్టుకుని పెద్దమనిషిలా కూర్చునేది. ఆమె ఎలుగుబంటి దవాఖానకు పోయి సూది చూసి ఏడ్చేది. బడి కథకు చివర నీతి ఉండేది. "మరి నీతేంది మొగిలక్కా?" అని అడిగితే, "నీతి లేదు గీతి లేదు, పోయి బువ్వ తినుండ్రి" అని తరిమేది. జంతువులకు మనుషుల బట్టలు తొడగడం ఎవరైనా చేస్తారు. మనుషుల బుద్ధులు తొడగడం, అందులోనూ మా వాడకట్టు మనుషులవి, ఆమెకే చేతనైంది. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

ఆమె దగ్గర కట్టుబాటు ఒక్కటే. వినేవాళ్ళు ఊ కొట్టాలి. ఊ ఆగితే రాట్నం ఆగేది, కథా ఆగేది.

మాకు అన్నిటికంటే ఇష్టమైనది నక్క కథ. గిజిగాడు కొమ్మకు గూడు అల్లుతుంటాడు. నక్క వచ్చి కింద నిలబడి, గొంతు సవరించుకుని, అంచు వంకరగా ఉందంటుంది. గిజిగాడు విప్పి మళ్ళీ అల్లుతాడు. నక్క మళ్ళీ వస్తుంది. దారిలో కనబడ్డ నెమలి తోకకూ అదే మాట, చీమల బారుకూ అదే మాట. ఆ మాట మా నోళ్ళకు అంటుకుంది. అమ్మ రొట్టె చేస్తే అంచు వంకర. సారు నల్లబల్ల మీద గీత గీస్తే అంచు వంకర. పున్నమి దాటాక చంద్రుణ్ణి చూసి కూడా అదే అనేవాళ్ళం. వీపులు మోగేవి, అయినా మానలేదు.

ఆ గొంతు రాంచందర్ సావుకారిది. వాడకట్టులో సగం మగ్గాలకు నూలు ఇచ్చేది ఆయనే. నేసిన జంపఖానా తీసుకుపోయి ఆయన ముందు పరిస్తే, అంచు పొడుగునా బొటనవేలు నడిపి, వంకర కనబడితే వెనక్కి ఇచ్చేవాడు. వంకర ఆయనకు ఎప్పుడూ కనబడేది. ఆయన నూలు నేసేవాళ్ళకు, ఆయన సరేనంటే తప్ప, ఇంకో సావుకారి నూలు ఇచ్చేవాడు కాదు. కాబట్టి ఆయనతో ఎవరూ చెడగొట్టుకునేవాళ్ళు కాదు.

డెబ్భై ఎనిమిది వానాకాలం. ఎల్లస్వామి అనే ఆయన జంపఖానా తెచ్చి రాంచందర్ దుకాణంలో పరిచాడు. మేము మెట్ల మీద ఉన్నాం. సావుకారి వంగాడు. బొటనవేలు నడిపాడు. గొంతు రెండుసార్లు సవరించుకున్నాడు. ఆయన నోరు తెరిచేసరికి మేమంతా ఒక్క గొంతుతో "అంచు జర వంకరున్నది!" అన్నాం. దుకాణం గొల్లుమంది. జంపఖానా వెనక్కి పోతున్న ఎల్లస్వామి అందరికంటే ఎక్కువ నవ్వాడు.

"ఎవలు నేర్పిండ్రే మీకిది?" అన్నాడు రాంచందర్.

మాలో చిన్నది శారద. ఆ పిల్లకు దాచడం తెలియదు. "మొగిలక్క నక్క గిట్లనే అంటది తాతా" అంది గర్వంగా.

ఆ రోజే సిద్దిరాములు ఇంటికి నూలు బంద్ అయింది. మగ్గం మీదున్న పడుగు నూలు అయిపోయాక మగ్గం ఆగింది; మొగిలమ్మ పక్కింటి మగ్గానికి కండెలు చుట్టసాగింది. పొద్దున లేస్తే వినబడే మగ్గం చప్పుడు ఆ ఇంట్లో లేకపోతే, మాకే చెవులు మూసుకుపోయినట్టుండేది. సిద్దిరాములు ఆ రోజు మాట్లాడినన్ని మాటలు తన పెళ్ళయ్యాక ఎప్పుడూ మాట్లాడి ఉండడు.

"నీకు దండం పెడత. ఆ నక్కను తీసేసి పులిని పెట్టరాదు? పులితోని ఎవలికి పంచాయితీ లేదు."

"పులి అంచులు సూస్తదా?" అంది మొగిలమ్మ.

"సూడకుంటే పాయె. మనకు బువ్వ కావాల్నా, నక్క కావాల్నా?"

ఆ మాటకు ఆమె మెత్తబడింది. ఆ సాయంత్రం కథలోకి పులి వచ్చింది. గూడు కింద నిలబడి, "గూడు పెద్దగున్నది" అంది. ఊ లేదు. మొగిలమ్మ మా వంక చూసింది. మేము ఆమె వంక చూశాం. శారద మొహం ముడుచుకుని, "గిది గాదు" అంది. మొగిలమ్మ ఇంకోసారి పులిని మాట్లాడించింది. ఎవరూ నోరు విప్పలేదు. ఆమె రాట్నం పక్కకు నెట్టి, "మీరన్నదే నిజం పిల్లలూ, గిది గాదు" అని లేచింది.

మరునాడు పొద్దున్నే రాంచందర్ దుకాణం మెట్లెక్కింది. మేమూ వెనకే పోయాం.

"సావుకారీ, నక్క మీరే. కాదని నేను అబద్ధమాడ" అంది.

కాళ్ళ మీద పడుతుందని వెనక్కి తీసుకున్న కాళ్ళను ఆయన మళ్ళీ చాపుకున్నాడు.

"గని మీరు సగం కథ ఇన్నరు. అదీ పోరగాండ్ల నోట. సగం ఇని నూలు బంద్ పెట్టుడు ఏం న్యాయం? మాపటికి వచ్చి మొత్తం ఇనున్రి. అప్పుడు సుత బంద్ పెట్టాల్ననిపిస్తే పెట్టున్రి, నేను అడుగ."

ఆయన వస్తాడని మాలో ఎవరం అనుకోలేదు. పొద్దుగూకుతుంటే వచ్చాడు. సిద్దిరాములు పరుగున పోయి పక్కింటి కుర్చీ తెచ్చాడు. మొగిలమ్మ దాన్ని వెనక్కి పంపింది.

"కథ ఇనేటోళ్ళు కిందనే కూసోవాలె."

రాంచందర్ పంచె సర్దుకుని మా మధ్య జంపఖానా మీద కూర్చున్నాడు. కూర్చోగానే అలవాటు కొద్దీ ఆయన బొటనవేలు అంచు మీదికి పోయింది. మేము నోళ్ళు నొక్కుకున్నాం.

ఆమె ఏమీ తగ్గించలేదు. అదే గొంతు, అదే దగ్గు, అదే వేలు. ఆయన ముందే, ఆయన మొహంలోకి చూస్తూ చెప్పింది. మధ్యలో రాట్నం ఆగింది. ఆయన ఊ కొట్టడం లేదు. అందరం ఆయన వైపు తిరిగాం. కాసేపు బిగదీసుకున్నాడు. తర్వాత, "ఊ" అన్నాడు. కథ నడిచింది.

చివరికి పెద్ద గాలివాన వచ్చింది. అడవిలో గూళ్ళన్నీ కొట్టుకుపోయాయి. నక్కను తిట్టుకుంటూ విప్పి అల్లి, విప్పి అల్లిన గిజిగాని గూడు ఒక్కటే కొమ్మకు పట్టుకుని నిలిచింది. గిజిగాడు తల బయటపెట్టి చూశాడు. కింద నక్క వానలో నిలబడి ఉంది.

"'ఓ నక్కమామా, నువ్వు సతాయించకుంటే నా గూడు గీ గాలికి ఆగకపోతుండె' అన్నడట గిజిగాడు. నక్క మీదికి సూసి, 'అంచు సక్కగున్నది' అన్నదట. గంతే."

మేము లేవబోయాం. రాంచందర్ లేవలేదు.

"మరి నక్క?" అన్నాడు.

"నక్కకేమాయె?"

"వానల తడిసింది గద. ఇంటికి పోయిందా లేదా?"

"కథ గంతవరకే సావుకారీ."

"గంతవరకే ఎట్లయితది?" ఆయన గొంతు పెరిగింది. "అంత సక్కగ చేయించి అది బయట నిలబడాల్నా? దానికి ఇల్లు లేదా? ఎవలన్న లోపలికి పిలువద్దా?"

ఎవరం నవ్వలేదు. ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయిందనీ, పిల్లలు లేరనీ, అంత ఇంట్లో ఒక్కడే కూర్చుని తింటాడనీ మాకందరికీ తెలుసు. ఆ సాయంత్రం దాకా అది జాలిపడాల్సిన సంగతని తోచలేదు.

"నూలు రేపు పొద్దుగాల పంపిస్త మొగిలమ్మా" అన్నాడు నెమ్మదిగా. "గని దాన్ని గట్ల వానల ఇడిసిపెట్టకు."

సిద్దిరాములు మొహం వెలిగింది. ఒప్పుకో ఒప్పుకో అని భార్యకు కళ్ళతో సైగ చేశాడు. మొగిలమ్మ కండె తీసి గంపలో వేసింది.

"నూలు మీది సావుకారీ. పంపితే నేస్తం. నక్క నాది. దాన్ని లోపలికి పిలుసుడో బయట ఉంచుడో నూలు సూసి చెప్ప. రేపొచ్చి ఇనున్రి."

రాంచందర్ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. సిద్దిరాములు తల పట్టుకున్నాడు.

పొద్దున్నే నూలు మూట రిక్షాలో వచ్చింది. సాయంత్రం మేము వెళ్ళేసరికి, మా అందరికంటే ముందే వచ్చి రాంచందర్ కింద కూర్చుని ఉన్నాడు.