నేను దాటేసిన పేర్లు

మూడేళ్ల క్రితం, ఆకుముడతతో మిరప చేలన్నీ పోయిన ఏడాది. పొదిలి చుట్టుపక్కల పల్లెల్లో నేను బైబిల్ ఉమన్‌ని. అంటే సంఘం తరఫున ఇల్లిల్లూ తిరిగి వాక్యం చదివి ప్రార్థన చేసే ఆడమనిషిని. నాకు చదువు నలభై దాటాక వచ్చింది. వేలు పెట్టి చదువుతాను. నోరు తిరగని పేర్లొస్తే దాటేస్తాను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఒక వారం కాటేజ్ ప్రేయర్, అంటే ఇంటి దగ్గర జరిగే కూటం, మా సంఘంలోని కరుణమ్మ వాకిట్లో. యెరూషలేము కూలిన సంగతి చదివాను. దేవాలయం కాలిపోయింది. జనాన్ని బబులోనుకు చెరలోకి పట్టుకుపోయారు. అయినా వాళ్లు శత్రువుల దేవుళ్లు గెలిచారనుకోలేదు. మనమే మాట తప్పాం, మన దేవుడే మనల్ని చెరకు పంపాడు అనుకున్నారు. అక్కడితో ఆపి, టీ తాగి వచ్చేశాను.

ఆదివారం కరుణమ్మ ప్రభువు బల్ల దగ్గరికి రాలేదు. రొట్టె, ద్రాక్షరసం తీసుకోలేదు. సోమవారం వెళ్తే మూట కడుతోంది. కౌలు చేను పోయింది, మొగుడూ పెళ్లాం బెంగళూరు కట్టుబడి పనికి పోతున్నారు.

"అక్కడ చర్చి గడప తొక్కను పిన్నీ. వెళ్లగొట్టినాయన వెంట మళ్లీ పడేదేంది?"

"వెళ్లగొట్టాడని ఎవరన్నారే?"

"నువ్వేగా! నా మంచం మీదే కూర్చుని, నా టీ తాగి మరీ చెప్పావు."

ఓడినవాళ్లు తమ గురించి తాము అనుకున్న మాట అది. నెలజీతం తీసుకునే నేను దాన్ని తెచ్చి పంట పోయినామె నెత్తిన పెట్టాను. అదీ సగమే.

"బస్సెప్పుడు?"

"రెండింటికి."

"కూర్చో."

చెర నుంచి తిరిగొచ్చినవాళ్ల పేర్ల పట్టీ తీశాను. ఇన్నేళ్లలో ఒక్కసారీ చదవని పేజీ అది. ఒక్కో పేరూ కూడబలుక్కున్నాను. జెరుబ్బాబెలు దగ్గరే మూడుసార్లు ఆగాను.

కరుణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పిన్నీ, ఆ పిల్లోణ్ణి వాళ్లమ్మ అన్నానికి ఎట్టా పిలిచిందో!"

"నవ్వు, నవ్వు. వీళ్ల తాతలు నీలాగే మూటలు కట్టినవాళ్లే. వదిలేసుకున్నవాళ్ల పేర్లు ఎవరన్నా రాసి పెట్టుకుంటారటే?"

ఆమె నవ్వు ఆగింది. మూట మీద చెయ్యేసి పేజీ వంక చూసింది.

"ఇంకా ఉన్నాయా?"

"రెండు పేజీలు."

"చదువు. నాలుగింటికి ఇంకో బస్సుందిలే."

నెల తిరక్కుండానే ఫోన్ చేసింది. "ఇక్కడ చర్చిలో ప్రభువు బల్లకు లేచాను పిన్నీ."

ఓడినవాడు తన తప్పు తాను ఒప్పుకుంటే అది భక్తి. పక్కవాడు వేలెత్తి చూపితే అది రాయి. ఇప్పుడు చెర సంగతి ఎక్కడ చదివినా, ఆ పేర్లు చదవందే లేవను. జనం నవ్వుతారు. నవ్వనీ.