సావుకారు కొట్లో ఆరని లైటు

బరంపురంలో బట్టల కొట్లు మధ్యాహ్నం మూస్తారు. ఒంటిగంటన్నరకి షట్టరు దిగిందంటే మళ్ళీ నాలుగింటికి గానీ లేవదు. లైటు మిస్త్రీగా నా పనంతా ఆ రెండున్నర గంటల్లోనే. బేరాల వేళ కౌంటరు మీద నిచ్చెన వేస్తే ఏ సావుకారు ఊరుకుంటాడు?

నేను చెప్పబోయే కొట్టు ఓ తెలుగు సావుకారుది. తాతల నాటి పట్టుచీరల వ్యాపారం. పాత చోకు ట్యూబులు తీసేసి ఎల్ఈడీ ట్యూబులు పెట్టింది నేనే. తీగలు మార్చలేదు, హోల్డర్లూ మార్చలేదు. రెండు రోజులకే ఫోనొచ్చింది, ఆర్పినా లైట్లు ఆరడం లేదని.

వెళ్ళి చూస్తే నిజమే. స్విచ్చులన్నీ ఆపి ఉన్నాయి, షట్టరు దించి ఉంది. లక్ష్మీదేవి పటం మీది వరసలో మాత్రం నీళ్ళు ఎక్కువైన పాలలాంటి పలచని వెలుగు. ఓ ట్యూబు తీసి హోల్డరుకి టెస్టరు ఆనించాను. వెలిగింది. సంగతి అప్పుడే అర్థమైపోయింది. ఎప్పుడో మీటరు మార్చినప్పుడు ఎవరో తీగలు తారుమారు చేశారు. కరెంటు తెచ్చే తీగ మీద ఉండాల్సిన స్విచ్చి, దాన్ని వెనక్కి తీసుకెళ్ళే తీగ మీదికి వచ్చింది. స్విచ్చి ఆపినా హోల్డరు దాకా కరెంటు వచ్చి నిలబడే ఉంటుంది. పాత ట్యూబులు ఆ గుట్టు బయటపెట్టలేదు. ఎల్ఈడీకి పిసరంత కరెంటు చాలు, అందుకే మినుకుమంటోంది.

నేను నిచ్చెన దిగేసరికి సావుకారు పటం ముందు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు.

"సూసినావేట్రా? ఆర్పినా ఆరట్లేదంటే అమ్మవారు ఈ కొట్టు వదిలి ఎల్లనంటున్నట్టే కదా! నీ హస్తవాసి మంచిదిరా. దాన్ని మరి ముట్టుకోకు" అన్నాడు.

పక్కనే గుమస్తా ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ కొట్లోనే పని. చీర అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి రాసి, అసలు పట్టో కల్తీదో చెప్పేసేవాడు. కొట్లో ఆయన వేళ్ళ మాటకి ఎదురులేదు. ఏటా దసరా ముందు కొట్టంతా తనే దులిపేవాడు, ఇంకొకరిని చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు.

"పర్వాలేదా నాయనా? ప్రమాదమేటీ లేదు కదా?" అని ఆయన అడిగాడు.

"ఏటీ కాదు బాబాయ్. ఎల్ఈడీలంటే ఇలాగే ఉంటాయి" అన్నాను.

ఎందుకన్నాను? బోర్డు విప్పి అంతా సరిచెయ్యాలంటే రెండు మధ్యాహ్నాల పని, పైగా పండగ రోజులు అని నాకు నేనే చెప్పుకున్నాను. అది సాకు. అసలు సంగతి, ఆ పొగడ్త నాకు బాగుంది. సావుకారు ఊరంతా చెప్పాడు. పక్క కొట్లవాళ్ళు వచ్చి, మాక్కూడా ఆరని లైటు పెట్టు బాబూ అని అడిగారు. అందరికీ రాదండీ, రాసిపెట్టి ఉండాలి అని నేను కాలరెగరేశాను. ఇప్పుడు తలచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

దసరాకి వారం ముందు ఛత్రపూర్‌లో ఒక ఆఫీసు లైట్లు చూస్తుండగా ఫోను వచ్చింది. మధ్యాహ్నం కొట్టు దులుపుతుండగా గుమస్తాకి షాకు కొట్టింది. ఇనప నిచ్చెన మీంచి కౌంటరు అంచున పడ్డాడు. కుడిచేతి మణికట్టు రెండు చోట్ల విరిగింది. నేను ఆసుపత్రికి చేరేసరికి కట్టు కట్టేశారు.

"తడిగుడ్డెట్టి తుడిసాడట. ఇంకేటి సెప్పాలి?" అన్నాడు సావుకారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలాడించారు. నేను కూడా ఆడించాను.

మర్నాడు మధ్యాహ్నం ఎవరూ అడక్కుండానే వెళ్ళి బోర్డు విప్పాను. రెండు తీగలు ఇటుది అటు, అటుది ఇటు. ఆ వెలుగేదిరా అని సావుకారు అడిగితే, ఆ ట్యూబు పాడైందండీ, వేరేది వేశాను అన్నాను. ఒక అబద్ధాన్ని కప్పడానికి ఇంకొకటి.

ఎముకలు అతుక్కున్నాయి గానీ వేళ్ళకి స్పర్శ రాలేదు. పట్టు తెలియని చెయ్యి పట్టుచీరల కొట్లో ఎందుకు? ఆయన పని మానేసి లంజిపల్లిలో ఇంటిపట్టున ఉండిపోయాడు. ఆ పేటలో నాకు పనులు తగిలినా మరో దారిన వెళ్ళేవాణ్ణి. ఏడాది తిరిగాక ఒక ఆదివారం ధైర్యం చేశాను. దారి పొడుగునా ఏం చెప్పాలో వల్లించుకుంటూనే వెళ్ళాను.

వరండాలో కూర్చుని ఉన్నాడు. వాళ్ళావిడ తెచ్చిన టీ ఎడమచేత్తో అందుకున్నాడు.

"బాబాయ్, ఆ తడిగుడ్డ సంగతి..." అని మొదలుపెట్టాను.

"తడిగుడ్డ ఎక్కడిది నాయనా? పొడిగుడ్డే" అన్నాడు నెమ్మదిగా. "స్విచ్చి ఆపే ఎక్కినాను. వెలుగు కనబడతంది. ఓ నిమిషం ఆగినాను కూడాను. నువ్వు ఏటీ కాదన్నావు కదా అనీసి ట్యూబు తీసి హోల్డరు తుడిసినాను. ఆ మాట బయటికొస్తే నిన్ను మరి ఏ కొట్లోకీ రానివ్వరు. అందుకే నానే తడిగుడ్డని సెప్పీసినాను."

నేను దాచుకుంటున్నాననుకున్న నిజాన్ని ఏడాదిగా ఆయనే నా కోసం దాచి ఉంచాడు. ఒప్పుకోవడానికి వెళ్ళిన నాకు ఒప్పుకోవడానికి కూడా ఏమీ మిగల్చలేదు.

"ఇప్పుడారతందేటి ఆ లైటు?" అని అడిగాడు.

"ఆరతంది బాబాయ్. ఆ మర్నాడే మార్సీసినాను."

"ఎంతసేపు పట్టింది?"

ఈసారి అబద్ధం చెప్పలేదు. నలభై నిమిషాలన్నాను.