రాజమ్మ పెట్టెలో పొగాకు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి, నేనూ చేతులు ఊరికే పెట్టుకుని చెప్పేదాన్ని కాదు.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, వానాకాలం. నాందేడ్‌లో ఒక విశ్వవిద్యాలయం ఆర్కైవ్స్‌లో నేను పని చేస్తున్నాను. ఆర్కైవ్స్ అంటే పాత కాగితాల ఇల్లు అనుకోండి. కాలం చేసిన పెద్దమనుషుల ఉత్తరాలు, మూతబడిన బడుల మీటింగు పుస్తకాలు, ఫోటోలు, ఇళ్లలో అటక మీద పడి ఉండేవన్నీ మా దగ్గరికి వస్తాయి. నేను చదివింది నాలుగో తరగతి. నా పని వాటిని చదవడం కాదు, దులపడం. మెత్తటి బ్రష్‌తో ఒక్కో కాగితం దులిపి ఫ్యూమిగేషన్‌కు పంపుతాను. అంటే గాలి చొరబడని అల్మారాలో పెట్టి మందు పొగతో పురుగును చంపడం. ఆ తర్వాత అట్టపెట్టెలో సర్ది, నూలు నాడాతో కట్టి, స్టాక్ రూమ్‌లోకి చేరుస్తాం. అది పెట్టెలుండే గది. అందులోకి తిండి, పూలు, ఆకులు ఏవీ రాకూడదు. వాటి వెంట పురుగు వస్తుంది.

ఒక రోజు కుండల్‌వాడి అనే ఊరి నుంచి వచ్చిన పెట్టె మూత తీశాను. అప్పటికి ఒకసారి పొగ పెట్టిన పెట్టే అది. అయినా కాగితాల మీద సూదితో పొడిచినట్టు చిల్లులు, అడుగున గోధుమరంగు పురుగులు. వాటితో పాటు ఏదో తుక్కు. వేళ్ల మధ్య నలిపి వాసన చూశాను. పొగాకు.

మా గదిలో పొగాకు తినేవాడు ఒక్కడే, మారుతి. స్టాక్ రూమ్ నుంచి పెట్టెలు తెచ్చి ఇచ్చే పని అతనిది. వాళ్ల నాన్న నిజామాబాద్ నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే నిలిచిపోయాడు. మారుతిది కాంట్రాక్టు ఉద్యోగం, ఏటేటా మేడం సంతకం పడితేనే నిలుస్తుంది. ఆ ఏడు సంతకం పడే రోజులు దగ్గర్లోనే ఉన్నాయి.

మేడం మా విభాగానికి పెద్ద. ఆ తుక్కును తెల్లకాగితం మీద పోసి, "హే కాయ్ ఆహే, మారుతీ?" అన్నారు. ఇదేమిటి అని.

"మేడం, మా అమ్మ మీద ఒట్టు. తినేది నిజమే, గని వరండాల తింట. చేతులు కడుక్కోకుంట పెట్టె ముట్ట."

"మరి ఇది కాళ్లొచ్చి నడిచిందా?" అన్నారు మేడం మరాఠీలో. "ఎలా వచ్చిందో తేలేదాకా నీ కాగితం మీద నేను సంతకం పెట్టను."

ఆ రోజు నుంచి మా గదిలో చూపులు మారిపోయాయి. టీ తాగేటప్పుడు కూడా ఎవరి కప్పు వారు పక్కకు లాక్కున్నట్టే ఉండేది. మారుతి మొదట ఊడ్చే మనిషిని అనుమానించాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"గంగక్కా, తాళంచెవి నీ దగ్గర గూడ ఉంటది గదా?"

"ఏందిరా, పొగాకు నేను తింటున్ననా?"

"నువ్వు తినవు. మీ ఆయన తింటడు గదా. నీ సంచిల పడి వచ్చిందేమో."

ఒళ్లు మండింది. అయినా ఆ సాయంత్రం ఇంటికి పోయి, ఎవరూ చూడకుండా టిఫిన్ సంచి తిరగేసి వాసన చూసుకున్నాను. అనుమానం అంటే అలా ఉంటుంది, మన సంచిని మనమే నమ్మం.

ఆ పెట్టెలో ఏమేం ఉన్నాయో రాసే జాబితా ఇంకా మొదలు కాలేదు, కాబట్టి చదివేవాళ్లకు ఇచ్చేది లేదు. మేం కాక దాన్ని ముట్టేది ఒక్క రాజమ్మ. కుండల్‌వాడిలో ఒక బడి కమిటీని ఏళ్ల తరబడి నడిపిన సారు భార్య ఆమె. ఆయన పోయాక ఆయన ఉత్తరాలు, మూతబడిన ఆ బడి కాగితాలు మాకిచ్చింది ఆమే. నెలకోసారి బస్సెక్కి వచ్చి, రీడింగ్ రూమ్‌లో ఆ పెట్టె ముందు కూర్చునేది. తన వస్తువును తానెందుకు పాడుచేసుకుంటుంది? అందుకే ఆమె పేరు ఎవరి నోటా రాలేదు.

కానీ ఆమె రాకను తలుచుకుంటే నాకు తేడాగా తోచింది. చదువు రాదు. మూత మాత్రం తానే తీస్తుంది. "ఉండు కొడుకా, నేను తీస్త" అని మారుతి చేతిని పక్కకు నెడుతుంది. కాగితాల కిందికి చెయ్యి పోనిచ్చి, కాసేపుంచి, తల ఎత్తి మమ్మల్ని ఒక్కొక్కరినీ తూకం వేసినట్టు చూస్తుంది. ఏమైనా పట్టుకుపోతోందా?

ఆమె మళ్లీ వచ్చేసరికి ఆ పెట్టెను తుక్కు లేకుండా దులిపి, మళ్లీ పొగ పెట్టడానికి విడిగా ఉంచాం. ఆ రోజు నాడాలు కత్తిరించే వంకతో ఆమెకు ఎదురుగా కూర్చున్నాను. రాజమ్మ మూత తీసింది, కిందికి చెయ్యి పెట్టింది. కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడింది.

"నా ఆకు ఏది? పెట్టె ఎవరు కెలికిండ్రు?"

"ఏం ఆకమ్మా?" అన్నాడు మారుతి.

"పొగాకు! పెండ్లయిన కాడికెల్లి మా సారు కాయిదాలల్ల పురుగు రాకుంట నేనే పెడుతున్న. ఈడ గూడ పెట్టిన. ఆకు ఇరగకుంట ఉంటే ఎవ్వరు ముట్టనట్టు. వచ్చినప్పుడల్ల ఇరిగే ఉంటుండె, మల్ల కొత్తది పెడుతుంటి. ఇయ్యాల ఆకే లేదు! మీరు నా కాయిదాలు అమ్ముకుంటున్నరా?"

మేం మారుతిని అనుమానిస్తుంటే, ఆమె మా అందర్నీ అనుమానిస్తోంది.

గొడవ విని మేడం వచ్చారు. పొగాకునే తిని బతికే పురుగు ఒకటి ఉందని, అది పుస్తకాలనూ తొలుస్తుందని, ఆకును విరిచింది మనుషులు కాదు ఆ పురుగేనని నెమ్మదిగా చెప్పారు. రాజమ్మ ఒక ఉత్తరం చేతిలోకి తీసుకుని చిల్లుల మీద వేలు రాసింది.

"అంటే మా సారు రాతను నేనే పురుగుకు తినిపించిన్నా?"

ఆమె మళ్లీ కుర్చీలో కూలబడింది.

"బడి మూసినంక సగం కాయిదాలు తూకానికి, రద్దీకి అమ్మిండ్రు బాయీ," అంది. "బస్టాండుల పల్లీలు కొన్న. పొట్లం ఇప్పితే మా సారు రాత. సదువ రాకున్నా ఆయన రాత నాకెర్క లేదా? ఇగ ఎవరిని నమ్మాలె?"

అప్పుడు మారుతి మెల్లగా అన్నాడు: "అమ్మా, నీ ఆకుతోని నా నౌకరి పోతుండె."

ఆమె బిత్తరపోయి మేడం చెయ్యి పట్టుకుంది. "పిల్లగాని పొట్ట కొట్టకు బాయీ. తప్పు నాది."

మేడం మామూలుగా బయటివాళ్లను రానివ్వని స్టాక్ రూమ్‌లోకి ఆమెను తీసుకెళ్లారు. మళ్లీ పొగ పెట్టాక ఆ పెట్టె ఏ అరలో ఉంటుందో చూపించారు. "నెల తర్వాత రండి. చివరి ముడి మీరే వెయ్యండి. జాబితా మొదలయ్యేదాకా దాన్ని మీరు తప్ప ఎవరూ విప్పరు" అన్నారు.

పోయేముందు రాజమ్మ బొడ్డు సంచిలోంచి మిగిలిన ఆకు తీసి మారుతి చేతిలో పెట్టింది. "తిను. వరండాల తిను."

మారుతి కాగితం మీద సంతకం పడింది. నెలకు ఆమె వచ్చి ముడి వేసింది, మాకెవరికీ రాని గట్టి ముడి. ఆ పై నెల వచ్చినప్పుడు మారుతి పెట్టె తెచ్చి ముందు పెట్టాడు. ఆమె ముడిని అటూ ఇటూ తిప్పి చూసింది. విప్పలేదు. "లోపట పెట్టు కొడుకా, బస్సు టైమయింది" అని లేచింది.

కాగితాలు ఇచ్చేవాళ్లకు రసీదు ఇస్తే సరిపోదని ఆ పెట్టె నాకు నేర్పింది. ఇప్పుడు ఏ ఇంటి కాగితాలు వచ్చినా చివరి ముడి ఆ ఇంటివాళ్ల చేతే వేయిస్తాం. ఆ పెట్టె జాబితా కూడా అయిపోయింది, చిల్లులు పడ్డ ఆ ఉత్తరాలు మాత్రం ఇప్పటికీ అలాగే ఉన్నాయి. వాటిని దులిపేటప్పుడు నా చెయ్యి కొంచెం నెమ్మదిస్తుంది.

మీ ఇంటి వాసాలకు చెద పట్టకూడదు, మీ మనుషుల మధ్య అనుమానం దూరకూడదు. పిల్లాపాపలతో, కడుపునిండా అన్నంతో మీ ఇల్లు చల్లగా ఉండాలి.