పిన్నికి పడని వాసనలు

కటింగ్ టేబుల్ దగ్గర నిలబడే పిన్నికి సణగనిదే పూట గడవదు. ఫ్యాను తిరిగితే కొలతల కాగితాలు ఎగిరిపోతున్నాయంటుంది, తిరక్కపోతే ఉడికిపోతున్నానంటుంది. యూనిఫారాలు కుట్టే ఆ షెడ్డుకి ఓనరు ముచ్చటపడి కొత్త మిషన్లు తెప్పిస్తే, "చప్పుడు లేదేంటి? నడుస్తోందో ఆగిందో ఎలా తెలిసి చావాలి?" అంది. కాఫీ విషయంలో మాత్రం ఆవిడ ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: చాల్లేదు.

అలాంటి మనిషికి ఎదురుగా కూర్చుని కాజాలు కుట్టే అమ్మాయికి నెల తప్పింది. ఆ సాయంత్రానికల్లా మొగుడు ఫోను చదివి పెద్ద డాక్టరైపోయాడు. "బిడ్డ ఇప్పుడు పెసరగింజంత ఉంటుందట. నువ్వు బాగా రెస్టు తీసుకోవాలట" అంటూనే కాళ్ళు చాపుకుని ఆ రెస్టేదో తనే తీసుకున్నాడు. వికారం పొద్దుటిపూటే ఉంటుందని కూడా చదివి వినిపించాడు. అది రాసిన మహానుభావుడికి మధ్యాహ్నాలూ సాయంత్రాలూ ఉంటాయని ఎవరూ చెప్పలేదు కాబోలు.

షెడ్డులో ఎవరికీ చెప్పకూడదని అమ్మాయి పట్టుదల. పోయినసారి రెండో నెలలోనే నోరు జారింది. ఆ కడుపు నిలవలేదు. తర్వాత ప్రతి మిషన్ దగ్గరా ఆగి ఓదార్పులు వినలేక చచ్చిపోయింది. ఓదార్చనిది పిన్ని ఒక్కతే. ఆవిడ ఆ రోజు దారం రంగు తేడాగా ఉందని సణిగింది. ఈసారి మూడు నెలలు నిండేదాకా గుట్టు దాగాలి. పిన్ని కంటపడితే ఇంకేమైనా ఉందా!

సరిగ్గా అప్పుడే పిన్ని రెచ్చిపోయింది.

"ఓనరుగారూ, ఆ కాఫీ వాసనకి నా తల పగిలిపోతోంది. స్టవ్ బయట పెట్టించండి."

"మీరేనా ఈ మాట అంటోంది?"

"వయసు మీద పడ్డాక అన్నీ పడతాయా? మీ సెంటూ అంతే. దోమల మందు కొట్టినట్టుంది."

స్టవ్ బయటికి పోయింది. సెంటు ఓనరు ఇంట్లోనే ఉండిపోయింది. పిన్ని ఆ రోజునుంచి కాఫీ ముట్టలేదు, నోరు మాత్రం మూయలేదు. బాత్రూం గొళ్ళెం పడట్లేదని గోల చేసి బాగుచేయించింది. అమ్మాయి మిషన్ చప్పుడు భరించలేనని దాన్ని బాత్రూం పక్క కిటికీ దగ్గరికి నెట్టించింది. అమ్మాయి గుడ్డ తాను ఎత్తబోతే, "నువ్వు ముట్టుకుంటే మడతలు పడతాయి, అవతలికి పో!" అని లాక్కుంది.

"నేనంటే ఆవిడకి ఒళ్ళుమంట. పని మాన్పించేదాకా ఊరుకోదు" అని అమ్మాయి ఇంటికెళ్ళి ఏడ్చింది.

మొగుడు ఫోను చూసి, "ఈ వారాల్లో చిరాకు సహజమేనట" అన్నాడు. దిండు వెళ్ళి ఆయన మొహాన పడింది.

మూడు నెలలు నిండాయి. అంతా బాగుందని డాక్టరమ్మ చెప్పింది. ఎలాగూ సణిగేది పిన్నే, ఆ ముచ్చటేదో ముందే తీరిపోతుందని అమ్మాయి మొదట ఆవిడ దగ్గరికే వెళ్ళింది.

"పిన్నీ, నాకు..."

"తెలుసులేవే. బాగుందందా డాక్టరమ్మ?"

"నీకెలా తెలుసు?"

"కాఫీ పొయ్యెక్కగానే బాత్రూంకి పరిగెడితే, ఒకరొచ్చి చెప్పాలా? ఇద్దర్ని కన్నదాన్ని."

"మరి ఎవరితోనూ అనలేదే!"

"పోయినసారి నీ అవస్థ చూశాను కదే." పిన్ని గొంతు ఒక్క క్షణం మెత్తబడింది. వెంటనే సర్దుకుంది. "అది సరేగానీ, ఇప్పుడు ఆ వాసన పడుతోందా, లేదా?"

"పడుతోంది పిన్నీ."

పిన్ని కత్తెర కింద పెట్టి, ఓనరు గదివైపు తిరిగి షెడ్డు అదిరిపోయేలా అరిచింది:

"ఎవరండీ స్టవ్ బయట పెట్టించింది? ఇక్కడికొచ్చేసరికి కాఫీ చల్లారి చస్తోంది!"